రూ.48 వేల ఫ్లెక్సీ: ఒక హైస్కూల్ ఏడాది చివరి వార్తలపై కేస్ స్టడీ

ఇది ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జరిగింది. పత్తి, మిరప పండే ప్రాంతం. అంతకుమించి ఊరి గురించి చెప్పను. అమ్మాయిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న ఆ అమ్మాయికీ, వాళ్ళమ్మకూ చదివి వినిపించి, సరేనన్నాకే బయటపెడుతున్నాను. వార్షికోత్సవం నివేదిక రాసే పని నెత్తిన పడే హెచ్ఎంలు, టీచర్లు చదవాలని నా ఉద్దేశం.

నేపథ్యం

మా బడుల్లో ఏడాది చివరి వార్తలు మూడు చోట్ల కనిపిస్తాయి. వార్షికోత్సవం రోజు హెచ్ఎం మైకులో చదివే నివేదిక ఒకటి, గేటు దగ్గరో బస్టాండులోనో కట్టే ఫ్లెక్సీ ఇంకొకటి, పేపర్ జిల్లా పేజీలో వచ్చే నాలుగు లైన్లు మూడోది. ఎక్కడ చూసినా సరుకు ఒకటే. పదో తరగతి ఉత్తీర్ణత శాతం, 600కి ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ముగ్గురు నలుగురి ఫొటోలు, నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చినవాళ్ళుంటే వాళ్ళ పేర్లు, ఖోఖోలోనో కబడ్డీలోనో జిల్లా దాటి ఆడినవాళ్ళు, పిల్లల సైన్సు ఆలోచనలకు కేంద్రం పెట్టే పోటీ ఇన్‌స్పైర్ మనక్‌కు ఎంపికైన ప్రాజెక్టు, ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పిల్లలు.

ఇందులో ఒక చిక్కుంది. వార్షికోత్సవం ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరుగుతుంది. పదో తరగతి ఫలితాలు 2024లో ఏప్రిల్ 22న వచ్చాయి, 2025లో ఏప్రిల్ 23న. అంటే బడికి వేసవి సెలవులిచ్చే వేళకి. కాబట్టి వేదిక మీద చదివే పది ఫలితాలు ఎప్పుడూ కిందటేడాదివే. ఈ ఏడాదివి వచ్చేసరికి వినడానికి బడిలో పిల్లలుండరు. అందుకే వార్షికోత్సవం నాటికి చేతిలో ఉండే తాజా వార్త చాలా బడుల్లో ఎన్ఎంఎంఎస్ ఒక్కటే. అది ఫ్లెక్సీలో సగం జాగా ఆక్రమించడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఈ పథకం తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. కేసంతా దీనిమీదే నడిచింది. ఇది కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలు పరీక్ష రాస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మెంటల్ ఎబిలిటీకి 90, సబ్జెక్టులకు 90, మొత్తం 180 మార్కులు. దేశం మొత్తానికి ఏటా లక్ష స్కాలర్‌షిప్‌లు, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 4,087. ఎంపికైతే 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000. నాలుగేళ్ళకు కలిపి 48,000. ఆ లెక్కలో తప్పు లేదు.

కానీ ఎంపికైనంత మాత్రాన డబ్బు రాదు. 9వ తరగతిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో కొత్తగా దరఖాస్తు పెట్టాలి. దాన్ని బడి చూసి సరేననాలి, ఆ పైన జిల్లా స్థాయిలో సరేననాలి. అప్పుడు గానీ ఆధార్ లింకైన ఖాతాలో పడదు. ఇదంతా నెలల పని. తర్వాత ఏటా రెన్యువల్. 9 నుంచి 10కి మొదటి ప్రయత్నంలోనే వెళ్ళాలి, పదిలో 60 శాతం మార్కులు రావాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు. మధ్యలో ప్రైవేటు బడికో ప్రైవేటు కాలేజీకో మారితే ఆగిపోతుంది. అంటే 48,000 అనేది నాలుగేళ్ళపాటు అన్నీ సవ్యంగా జరిగితే చివరికి తేలే మొత్తం.

నేను హెచ్ఎంగా బదిలీ మీద ఆ బడికి వచ్చేసరికి అంతకుముందు ఏడాది చివర కట్టిన ఫ్లెక్సీ బస్టాండులో ఇంకా ఉంది. నలుగురు పిల్లల ఫొటోలు, పైన నాయకుల ఫొటోలు, కింద పెద్ద అక్షరాల్లో ఒక్కొక్కరికి రూ.48,000 అని. ఆ నలుగురిలో ఒకమ్మాయి గురించే ఈ కేసు.

సమస్య ఎలా కనిపించింది

జూలైలో 9వ తరగతి క్లాస్ టీచర్ హాజరు పట్టీ తెచ్చి చూపించారు. 8వ తరగతిలో దాదాపు ఒక్క రోజు కూడా మానని పిల్ల. జూన్‌లో బడి తెరిచాక మొదటి రెండు వారాలు వచ్చింది. ఆ తర్వాత పట్టీలో గళ్ళన్నీ గైర్హాజరే, మధ్యమధ్యలో ఒక్కో హాజరు. వచ్చిన రోజున కూడా వెనక బెంచీలో కూర్చుంటోంది. ఫార్మేటివ్ పరీక్ష రాసింది, మార్కులు ఫర్వాలేదు. చదువు రాక మానడం లేదని అక్కడికి తేలింది.

స్టాఫ్ రూంలో వినిపించిన మొదటి వివరణ, "ఫ్లెక్సీలో ఫొటో పడ్డాక గర్వం వచ్చింది" అని. రెండోది, "పెళ్ళి సంబంధం చూస్తున్నారేమో" అని. ఆడపిల్ల బడి మానేస్తే మన దగ్గర ముందు వచ్చే ఊహ అదే, కొట్టిపారేయడానికి వీల్లేదు కూడా. అందుకే మొదట అది తేల్చుకోవాలనుకున్నాను. అదే వీధిలో ఉండే అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే అలాంటిదేమీ లేదని చెప్పింది. ఆమె మాట నమ్మదగ్గదే, ఇలాంటివి ఆమెకు తెలియకుండా జరగవు.

ముందు చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

క్లాస్ టీచర్ తనకు తోచిన మంచి పద్ధతిలోనే మొదలుపెట్టారు. పిల్లని పిలిచి, "నువ్వు బడికే పేరు తెచ్చినదానివి, నువ్వే మానేస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారు?" అన్నారు. ఆ వారం మొత్తం రాలేదు.

తర్వాత ప్రార్థన సమయంలో ఈ ఏడాది 8వ తరగతి పిల్లలకు తను ఎలా చదివిందో రెండు నిమిషాలు చెప్పమన్నారు. బాధ్యత ఇస్తే హుషారు వస్తుందని ఆలోచన. చాలామంది పిల్లలకు అది పనిచేస్తుంది. ఈ అమ్మాయి ఆ రోజే రాలేదు. క్లాస్ లీడర్‌ని చేద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది గానీ, అప్పటికి నాకు ఒక విషయం అర్థమైంది. పొగడ్త దగ్గరికి రాగానే ఈ పిల్ల వెనక్కి జరుగుతోంది. అది గర్వం ఉన్నవాళ్ళు చేసే పని కాదు. కాబట్టి మెచ్చుకోవడం అన్నదాన్ని మొత్తంగా ఆపేద్దాం, అసలు సంగతి తెలిసేదాకా ఎవరూ ఎన్ఎంఎంఎస్ మాట ఎత్తొద్దని టీచర్లకు చెప్పాను. లెక్కల మాస్టారికి ఇది నచ్చలేదు. ఆ నలుగురినీ సాయంత్రాలు కూర్చోబెట్టి చదివించింది ఆయనే. ఆయన బాధ న్యాయమైనదే.

ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ "జ్వరం మేడంగారూ" అంది. అమ్మాయి ఇంట్లో లేదు. జ్వరం ఉన్న పిల్ల ఇంట్లో లేకపోవడమేంటని నేను అడగలేదు. అడిగి ఆమెను అబద్ధంలో ఇరికించి నేను సాధించేదేముంది, ఇంకోసారి తలుపు తీయదు, అంతే.

హాజరు పట్టీని మళ్ళీ తీసి, ఈసారి ఎన్ని రోజులు రాలేదని కాకుండా ఏయే రోజుల్లో వచ్చిందని చూశాం. క్లాస్ టీచర్ డైరీలో వర్షం పడ్డ రోజులు రాసుకునే అలవాటుంది, మా వరండా కురుస్తుంది కనక. రెండూ పక్కపక్కన పెడితే తెలిసిపోయింది. వాన పడ్డ రోజునో, మర్నాడో వస్తోంది. తెరపిస్తే రావడం లేదు. జూలై అంటే పత్తిలో కలుపు తీసే కాలం. నేల ఆరితే కూలి ఉంటుంది, తడిగా ఉంటే ఉండదు.

కూలికి వెళ్తోందని తెలిసింది. కానీ అది కారణం కాదు, పర్యవసానం. ఆ ఇల్లు నిరుడూ అంతే పేదది, నిరుడు వెళ్ళలేదు. ఈ ఏడాది ఏం మారింది? ఇలాంటి కేసుల్లో చాలాసార్లు మనం "పేదరికం" అని రాసి ఫైలు మూసేస్తాం. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా మూసి ఉంటే ఈ కేసు అక్కడితో అయిపోయేది.

అసలు కారణం

రెండోసారి ఇంటికి వెళ్ళినప్పుడు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఛైర్‌పర్సన్‌ని వెంట తీసుకెళ్ళాను. ఆమె కూడా కూలికి వెళ్ళే మనిషి, వాళ్ళకి వరసకి వదిన. పిల్ల సంగతి అడగలేదు. "పత్తి ఎలా ఉందమ్మా, కౌలు ఎంతకి తీసుకున్నారు?" అని మొదలుపెట్టాం. కాసేపటికి వాళ్ళమ్మే చెప్పింది.

ఫ్లెక్సీ కట్టిన వారానికే ఊళ్ళో అందరూ అడగడం మొదలుపెట్టారట, మీ పాపకి 48 వేలొచ్చాయంట కదా అని. లేదంటే నమ్మేవాళ్ళు లేరు, బస్టాండులో ఫొటోతో సహా రాసుందాయె. వాళ్ళాయనకు కూడా జూన్‌లో బడి తెరవగానే డబ్బొస్తుందనే నమ్మకం. ఆ ధీమాతో కౌలు చేనుకు విత్తనాలకీ, మందుకట్టలకీ అప్పు తెచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. ఇచ్చినాయన కూడా ఫ్లెక్సీ చూసే ఇచ్చాడు. జూన్ వెళ్ళింది, డబ్బు రాలేదు. అప్పిచ్చినాయన వీధిలో నిలబడి, "గవర్నమెంటు ఇచ్చిన సొమ్ము దాచుకుని నాకు లేదంటున్నారు" అన్నాడు. అది పిల్ల విన్నది. తన పేరు మీద తెచ్చిన అప్పు తనే తీర్చాలని కలుపుకు పోతోంది. వద్దని ఇంట్లోవాళ్ళు గట్టిగా చెప్పలేకపోయారు.

ఇది విన్నాక బస్టాండు మీదుగా తిరిగి రావడం కొంచెం కష్టంగానే అనిపించింది. ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ళకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. పక్క ఊళ్ళో ప్రైవేటు బడి 590 దాటిన మార్కులతో ఫ్లెక్సీలు కడుతుంటే, మన పిల్లల గొప్ప కూడా ఊరికి తెలియాలనుకున్నారు. మరో రెండు ముక్కలు, "దరఖాస్తు చేశాక, ఏటా 12,000 చొప్పున" అని ఉంటే చాలు. ఫ్లెక్సీలో ఆ ముక్కలకు జాగా ఎవరూ పెట్టరు.

ఏం చేశాం

మొదటి ఆలోచన ఫ్లెక్సీ పీకేయడం. పీడీ సారు (ఆటల మాస్టారు) ఆ సాయంత్రమే తాడు కోసేస్తానన్నారు. ఆపాను. ఉన్నట్టుండి తీసేస్తే ఊరు దాన్ని ఎలా చదువుతుంది? స్కాలర్‌షిప్ రద్దయిందనో, డబ్బు తిన్నారు కాబట్టి బోర్డు తీసేశారనో అనుకుంటుంది. ముందు నిజం ఊరికి చేరాలి, తర్వాతే ఫ్లెక్సీ దిగాలి. అందుకని తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి, పిల్లల పేర్లు ఎత్తకుండా, ఎన్ఎంఎంఎస్ డబ్బు ఎప్పుడు, ఎలా, ఎంత వస్తుందో చెప్పాం. ఇంతవరకు ఎవరికీ ఒక్క రూపాయి కూడా రాలేదని, ఇంకా దరఖాస్తు దశలోనే ఉందని స్పష్టంగా చెప్పాం. చెప్పింది నేను కాదు, కమిటీ ఛైర్‌పర్సన్. హెచ్ఎం చెబితే బడి తన తప్పు కప్పుకుంటోందనుకునే ప్రమాదం ఉంది. ఆమె చెబితే వీధిలో మాట వీధికి చేరుతుంది.

అప్పిచ్చినాయన దగ్గరికి నేను వెళ్ళాలా అన్నది రెండో నిర్ణయం. వెళ్ళలేదు. బడి ఒకసారి అప్పుల మధ్యలోకి దిగితే రేపు ప్రతి అప్పుకూ పూచీ మనమే అవుతాం. పైగా "డబ్బొస్తుంది, ఆగు" అని నేను చెబితే అది ఫ్లెక్సీ చేసిన పనే మళ్ళీ చేసినట్టు. దానికి బదులు ఛైర్‌పర్సన్ వాళ్ళమ్మని తమ డ్వాక్రా గ్రూపులో మాట్లాడించింది. గ్రూపు లోన్ తీసుకుని మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చేశారు. ఈ కేసులో పిల్ల బడికి రావడానికి అసలు పనిచేసింది ఇదే. స్కాలర్‌షిప్ కాదు, నా కౌన్సెలింగ్ కాదు. వీధిలో అరిచే మనిషి ఆగిపోయాక పిల్ల రావడం మొదలుపెట్టింది.

మూడోది దరఖాస్తు. ఇక్కడ చిక్కులన్నీ ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. పోర్టల్లో బడి తరఫున నోడల్ అధికారిగా ఇంకా పాత హెచ్ఎం పేరు, ఆయన ఫోన్ నంబరే ఉన్నాయి. ఓటీపీ వెళితే ఆయనకే వెళ్తుంది. అది మార్పించకుండా నలుగురిలో ఏ ఒక్కరి దరఖాస్తూ ముందుకు కదలదు. బదిలీ మీద వచ్చిన హెచ్ఎంలు చార్జి తీసుకున్నప్పుడు క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టర్ చూసుకుంటారు, దీన్ని చూసుకోరు. చార్జి లిస్టులో ఉండదు కనక.

అమ్మాయి విషయంలో ఇంకో రెండు అడ్డాలు. మెరిట్ జాబితాలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు కలవలేదు. బడి రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, అసలు పేరులో ఒక ముక్క ఎగిరిపోయింది. ఏది మార్చాలి? ఆధార్ మార్పిద్దామని మీసేవలో సలహా ఇచ్చారు, అది సులువని. జనన ధ్రువపత్రం తెప్పించి చూస్తే ఆధారే సరైనది, తప్పు బడి రికార్డుది. సరైనదాన్ని తప్పుకు తగ్గట్టు మారిస్తే ఈ స్కాలర్‌షిప్ వరకు గడుస్తుంది గానీ, రేపు పదో తరగతి సర్టిఫికెట్ మీద తప్పు పేరే పడుతుంది. అది జీవితాంతం వెంటాడుతుంది. అందుకే ఆలస్యమైనా బడి రికార్డు సరిచేయించి, మెరిట్ జాబితాలో పేరు దిద్దమని డీఈఓ ఆఫీసు ద్వారా రాయించాం. గడువు దగ్గరపడుతుంటే టెన్షన్ పడ్డామనే చెప్పాలి. గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

రెండో అడ్డం బ్యాంకు ఖాతా. పాస్ బుక్ ఉంది, ఆధార్ లింకు లేదు. ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు రీచార్జి చేయక ఆగిపోయింది. ఈ రెండూ చిన్న పనులే, కానీ ఒక్కోదానికి వాళ్ళమ్మ ఒక రోజు కూలి మానుకోవాలి. అందుకని నలుగురి తల్లులనూ ఒకే రోజు మండల కేంద్రానికి రమ్మని, ఒకే వరుసలో అన్నీ పూర్తిచేయించాం. వానాకాలంలో నేల తడిగా ఉన్న రోజు చూసి పెట్టాం, అప్పుడైతే ఎవరికీ కూలి పోదు.

పోయిన పాఠాల సంగతి లెక్కల మాస్టారు చూసుకున్నారు. మధ్యాహ్న భోజనం అయ్యాక అరగంట. తరగతిలో ఎవరికీ ప్రత్యేకంగా తెలియకుండా, వెనకబడిన మరో ఐదారుగురితో కలిపి కూర్చోబెట్టారు. అప్పటికి ఆయన కోపం తగ్గింది.

డబ్బు ఎప్పుడొచ్చిందంటే, 9వ తరగతి వార్షిక పరీక్షలు కూడా అయిపోయాక. ముందే వస్తుందని ఎవరికీ చెప్పకపోవడం మంచిదైంది.

మరుసటి ఏడాది చివర

ఈ అనుభవం తర్వాత వార్షిక నివేదిక ఎలా రాయాలన్నది మా స్టాఫ్ మీటింగ్‌లో పెద్ద చర్చే అయింది. నా ప్రతిపాదన ఇది: ప్రతి విజయం పక్కన మూడు విషయాలు రాద్దాం. ఇప్పటివరకు నిజంగా ఏం జరిగింది, ఇంకా ఏం జరగాలి, అది ఎవరు ఎప్పటిలోగా చేయాలి.

తెలుగు మాస్టారు గట్టిగానే వ్యతిరేకించారు. "ఏడాదికి ఒక్కసారి గొప్పగా చెప్పుకునే రోజు మేడం. ఆ రోజు పెండింగ్ పనుల లిస్టు చదువుదామంటారా? తల్లిదండ్రులు లేచి వెళ్ళిపోతారు." ఆయన అన్నదాంట్లో నిజముంది. వేదిక మీద నివేదిక పండగలాగే ఉండాలి. చప్పట్లు కూడా పిల్లలకు కావాల్సినవే. చివరికి రెండుగా విడదీశాం. వేదిక మీద చదివేది రెండు పేజీలు, ఆయనే రాస్తారు, ఆయన భాషలో. వెనక ఒక రిజిస్టర్, అందులో మూడు విషయాలూ ఉంటాయి. ఒక్క షరతు: రిజిస్టర్లో లేని అంకె వేదిక మీదికి రాకూడదు.

రిజిస్టర్ నింపడం మొదలుపెట్టాక ఎన్ఎంఎంఎస్ ఒక్కటే కాదని తెలిసింది. ఇన్‌స్పైర్ మనక్‌కు ఎంపికైన కుర్రాడికి నమూనా తయారుచేయడానికి రూ.10,000 వస్తుంది. అది అతని ఖాతాలో పడిందో లేదో ఎవరూ చూడలేదు. పడింది, ఇంట్లో ఖర్చయిపోయింది, జిల్లా ప్రదర్శన తేదీ మాత్రం దగ్గరికొచ్చేసింది. సైన్స్ టీచర్ కార్డుబోర్డు, పాత మోటారుతో ఏదో గట్టెక్కించారు. ఖోఖోలో రాష్ట్ర స్థాయి స్కూల్ గేమ్స్ ఆడిన అమ్మాయి సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. అది లేకుండా స్పోర్ట్స్ కోటాలో సీటుకు దరఖాస్తు చేసుకునే వీలే లేదు. నివేదికలో ఆమె గురించి రెండేళ్ళుగా చదువుతూనే ఉన్నారట. పీడీ సారు ఆ సర్టిఫికెట్ కోసం వెంటపడి తెచ్చారు, అది వేదిక మీద ఇచ్చాం. ఆ ఏడాది ఎక్కువ చప్పట్లు దానికే పడ్డాయి.

చేసినవన్నీ కుదరలేదు. హాజరు బాగా మెరుగుపడినవాళ్ళకు బహుమతి అని కొత్తగా పెట్టాం. ఒక కుర్రాణ్ణి పిలిస్తే, "వీడు మొన్నటిదాకా బడి ఎగ్గొట్టేవాడు" అని ఊరందరికీ చాటినట్టయింది. తలొంచుకుని వచ్చి తీసుకుని వెళ్ళాడు. మరుసటేడు తీసేశాం. ఇప్పటికీ కొన్ని బడుల్లో ఇది చూస్తుంటాను. ఇచ్చేవాళ్ళకు బాగుంటుంది.

పేపర్ విషయం కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. విలేకరికి ఫొటోలు, పేర్లు, డబ్బు మొత్తం కావాలి. అవి లేకపోతే వార్తే కాదంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: తల్లిగానీ తండ్రిగానీ ఒప్పుకుంటేనే ఫొటో, పేరు. డబ్బు మొత్తం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. 18 ఏళ్ళలోపు పిల్లల వ్యక్తిగత వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం కూడా అంటోంది గానీ, మమ్మల్ని ఆ నిర్ణయానికి తెచ్చింది చట్టం కాదు, మూడు రూపాయల వడ్డీ. ఫొటోకు ఒప్పుకోని తల్లిదండ్రులు చాలా తక్కువమంది. ఒప్పుకోనివాళ్ళలో ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఒకరు. మరుసటేడు కొత్త ఫ్లెక్సీలో ఏం రాశామంటే, ఈ ఏడాది ఎంతమంది ఎంపికయ్యారో ఆ సంఖ్య, దరఖాస్తు 9వ తరగతిలో అని ఒక లైను, వివరాలకు బడికి రండి అని ఇంకో లైను. చూడ్డానికి వెలవెలబోయిందని మా అటెండర్ తేల్చేశాడు.

ఈ కేసు నుంచి నేను పట్టుకున్నవి

బడి మానేసిన పిల్లని చూసినప్పుడు ఎన్ని రోజులు మానిందన్నది కాక, వచ్చిన రోజుల్లో ఏముందో చూడాలి. వాన లెక్క మాకు దారి చూపింది. ఇంకో చోట అది సంత రోజు కావచ్చు, చెల్లెల్ని చూసుకోవాల్సిన రోజు కావచ్చు.

బాగా చదివే పిల్ల విషయంలో మెచ్చుకోలు ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోవడానికి లేదు. రెండుసార్లు మెచ్చుకుంటే రెండుసార్లూ వెనక్కి జరిగితే, మూడోసారి ఇంకా ఎక్కువ మెచ్చుకోవడం కాదు చేయాల్సింది.

డబ్బుతో ముడిపడిన వార్త ఊళ్ళోకి వెళ్ళాక అది బడి చేతిలో ఉండదు. పల్లెటూళ్ళో ఫ్లెక్సీ మీద అంకె అంటే అప్పు పుట్టే అంకె. కార్పొరేట్ కాలేజీల ప్రకటనల్లో అంకెలు చూసి చూసి మనకు దాని బరువు తెలియడం మానేసింది.

ఇంకో మాట, ఇది చాలామంది ఒప్పుకోరని తెలుసు. ఉత్తీర్ణత శాతాన్ని వార్షిక నివేదికలో మొదటి వాక్యంగా పెట్టడం నేను మానేశాను. 2023లో రాష్ట్రంలో 72.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. రాష్ట్రమే అంత పైకీ కిందకీ ఊగుతుంటే, ముప్ఫై నలభై మంది రాసే బడిలో ఇద్దరు పిల్లలతో శాతం తారుమారవుతుంది. దాన్ని బడి గొప్పతనంగానో పరువు తక్కువగానో చదవడంలో అర్థం లేదు. శాతం రాస్తాం, ఎంతమంది రాశారో పక్కనే రాస్తాం, ఫెయిలైనవాళ్ళలో ఎంతమంది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీకి ఫీజు కట్టారో కూడా రాస్తాం. ఈ చివరి అంకె మీద సెలవుల్లో కూడా పనిచేయొచ్చు, మొదటిదాని మీద చేయలేం.

ప్రస్తుత పరిస్థితి

అమ్మాయి పది పాసైంది, 60 శాతం దాటి చాలా పైనే. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరింది. ఒక కార్పొరేట్ కాలేజీ వాళ్ళు ఫీజు తగ్గిస్తామని ఇంటికొచ్చారు. చేరితే స్కాలర్‌షిప్ ఆగుతుందని వాళ్ళమ్మే వాళ్ళకి చెప్పి పంపింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

మిగిలిన చిక్కు ఒకటి అలాగే ఉంది. ఇంటర్‌లో రెన్యువల్ దరఖాస్తును ధ్రువీకరించాల్సింది కాలేజీ, మా బడి కాదు. కాలేజీలో ఈ పని చూసే లెక్చరర్‌కు మా రిజిస్టర్ సంగతి తెలియదు. మా బడి నుంచి వెళ్ళిన పిల్లలు ఏయే కాలేజీల్లో ఉన్నారో ఆ జాబితా తయారుచేసి, ఏటా జూన్‌లో ఆయా ప్రిన్సిపాళ్ళకు పంపుతున్నాం. కొందరు జవాబిస్తారు, కొందరు ఇవ్వరు. ఇవ్వని చోటికి పిల్లల చేతే అడిగిస్తున్నాం. నేను మళ్ళీ బదిలీ అయినప్పుడు ఈ రిజిస్టర్‌ని, పోర్టల్ నోడల్ వివరాలు మార్చే పనిని చార్జి లిస్టులోనే చేర్చి ఇచ్చాను. కొత్తగా వచ్చిన హెచ్ఎం సంతకం పెట్టి తీసుకున్నారు. ఈ ఏడాది ఎంపికైన పిల్లల పేర్లు ఆధార్‌తో కలుస్తున్నాయో లేదో ఫలితాలు వచ్చిన వారంలోనే చూసేశారట, మూడు కలవలేదట.